వైద్యశిరోమణి మేరీ జక్షెఫ్‌స్కా చరిత్రము

ప్రతివత్సరమును మన మహాసభా సంచికయందు ఒక మహనీయుని చరిత్రము వ్రాయుట మా వంతుగా నేర్పడియున్నది. ఇంతవఱకు మన దేశమునందలి పండితులను, దాతలను, ధర్మకర్తలను గూర్చి వ్రాసితిమి. ఈ యేడు ఒక విదేశీయ వనితను గూర్చి వ్రాయ బూనితిమి. ఇదియేల యని యడుగు పెద్దలు మనలో నుందురని మేమెఱుగుదుము. మన బాలికలు నేడు వైద్యవిద్య నభ్యసించుచున్నారు. దాతలు వసతిగృహములకును వైద్యశాలలకును ధనమిచ్చుచున్నారు. ఐనను, చదువు వేఱు, ఆ చదువు నుపయోగించుటకు వలసిన చోటు వేఱు. నలువదియేండ్లు బడిలో పాఠములు చెప్పిన మాకు, పట్టముండియు చోటు లేక యింటికే పరిమితురాండ్రైన శిష్యురాండ్ర ముఖములు ఇప్పటికిని కన్నులకు గట్టినట్లుండును. చదువు చేతనుంచుకొని చోటు కొఱకు సముద్రము దాటి, అచటను దొరకకపోగా తానే యొక చోటును నిర్మించి, పరులకు విడిచిపోయిన స్త్రీ వృత్తాంతము కావున దీనిని వ్రాయుచున్నాము.

ఆమె పూర్తి నామధేయము మేరీ ఎలిజబెత్ జక్షెఫ్‌స్కా. ఇది పోలండు దేశపు వంశనామము. అక్షరముల కూర్పొక విధము, పలుకుట వేఱొక విధము నగు నీ పేరు అమెరికావారికి నోరు తిరుగక, వారామెను డాక్టరు జక్ అని పిలుచుచుండిరట. మేమును ఇకమీదట మేరీ యనియే వ్రాయుదుము.

క్రీ. శ. 1829 వ సంవత్సరము సెప్టెంబరు 6 వ తేదీన ప్రష్యా రాజధానియగు బెర్లిను నగరమున మేరీ జనించెను. తండ్రి రాజోద్యోగి, స్వాతంత్ర్యభావములు కలవాడగుటచే ప్రభుత్వమువారి యాదరమును గోల్పోయి, ఉద్యోగమునుండి తొలగింపబడెను. పింఛను స్వల్పము, సంతానము బహుళము. వారిలో మేరీ జ్యేష్ఠురాలు. ఇల్లు గడచు మార్గము కానక తల్లి షారిటే యను పెద్ద యాసుపత్రికి జేరిన మంత్రసానుల పాఠశాలలో చేరి, ఆ వృత్తి నేర్చి కుటుంబమును పోషించెను. మన పల్లెలయందు మంత్రసానితనము తల్లినుండి కూతునకు చేతివాటముగా సంక్రమించిన విద్య. ప్రష్యాలో నది గ్రంథములు చదివి, పండితులచే పరీక్షింపబడి, ప్రభుత్వమువారి పట్టము పొందినగాని చేయరాని విద్య. శాస్త్రమునకు లోబడని నైపుణ్యము నైపుణ్యమే కాదను నిశ్చయము మేరీకి బాల్యముననే కలుగుటకు ఈ యేర్పాటే కారణమని మా యూహ.

పదేండ్లు దాటిన ప్రాయమున ఆమెకు కన్నుల జబ్బు కలిగి, తల్లితోగూడ ఆసుపత్రియందే కొంతకాల ముండవలసి వచ్చెను. అచటి వైద్యుడొకడు ఈ బాలిక కుతూహలమును గాంచి ముచ్చటపడి, తాను రోగులను జూడబోవునపుడు వెంటబెట్టుకొని పోవుచుండెను. శవములుంచు గదిని జూడగోరి లోనికి బోయి, కావలివాడు తెలియక తలుపు వేసికొని పోగా, ఆమె చాలసేపు అందే చిక్కువడి యుండెనని చెప్పుదురు. భయపడెనని మాత్ర మెవరును చెప్పరు. ఆ వైద్యుడే మంత్రసానితన చరిత్రము, శస్త్రవైద్య చరిత్రము అను రెండు పెద్ద గ్రంథముల నామెకు చదువనిచ్చెను. ఇతర బాలికలు బొమ్మలతో నాడుకొను సెలవుదినములలో ఆమె యా రెండింటిని ముగించెను.

పదుమూడేండ్లకు బడిచదువు ముగిసెను. గృహకృత్యములు నేర్చుకొనవలెనని తండ్రి యాజ్ఞ. ఆమె యింటిపనులు చేయుచునే, తల్లి పురుళ్లు పోయబోవునపుడెల్ల వెంట నుండి బెర్లినులోని ధనికుల మేడలను, బీదల కొట్టములను సమముగా జూచెను. తరువాత షారిటే పాఠశాలలో చేర్చుకొనుమని దరఖాస్తు పెట్టగా, వయసు చాలదని త్రోసివేసిరి. మరల పెట్టగా మరల త్రోసివేసిరి. తుదకు ఆ పాఠశాలకు ముఖ్యాచార్యుడగు జోసెఫ్ హెర్మన్ ష్మిట్ పండితుడు పూనుకొని 1849 లో ఆమెను చేర్పించెను. ఆయన రోగపీడితుడై యుండుటచే, కొలదికాలములోనే ఆమె నుపాధ్యాయ సహాయురాలిగా జేసికొని, తనకు మాఱుగా పాఠములు చెప్పించుచుండెను. 1851 లో ఆమె ప్రశస్తముగా నుత్తీర్ణురాలయ్యెను.

తన స్థానమున ఆమెను ప్రధాన మంత్రసానిగాను బోధకురాలిగాను నియమింపవలెనని ష్మిట్ పండితుని పట్టుదల. ఇరువదిరెండేండ్ల కన్య ఇంత యధికారము వహించుటయా, మగవారికి పాఠములు చెప్పుటయా యని ఆసుపత్రి పెద్దలు కలవరపడిరి. వాదప్రతివాదములు నెలలకొలది జరిగి, చివరకు 1852 మే నెలలో నియామక మాయెను. ఆ దినముననే ష్మిట్ పండితుడు పరమపదించెను. గొడుగు పట్టినవాడు పోగా ఎండ యెట్టులుండునో ఆమెకు వెంటనే తెలియవచ్చెను. గురువుగారి మీది కోపము శిష్యురాలిపై తీర్చుకొనువారు నలుదెసల మూగిరి. ఆఱునెలలు సహించి యామె యా యుద్యోగమును వదలుకొనెను.

అదివఱకే ఆమె చెవిని ఒక వార్త పడియుండెను. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1850 లో స్త్రీలకొఱకే యొక వైద్యకళాశాల స్థాపింపబడినదని. ఇచట ఒక్క మాట చెప్పక ముందునకు పోజాలము. ఆ కళాశాలలోనే 1886 లో మహారాష్ట్రవనిత ఆనందీబాయి జోషీ పట్టము పొందెను. 1879 లో నచటనే పట్టము పొందిన అన్నా కుగ్లరు దొరసాని 1883 లో మన గుంటూరునకు వచ్చి స్త్రీలకు, శిశువులకు చికిత్స చేసి, ఆసుపత్రి నిర్మించి, 1930 లో నిచటనే దేహము చాలించెను. గుంటూరు మండలమున పుట్టి పెరిగిన వృద్ధులకు కుగ్లరు ఆసుపత్రి పేరు చెప్ప నక్కఱలేదు. ఏ విద్యాలయపు కీర్తి బెర్లినులోని యువతిని సముద్రము దాటించెనో, ఆ విద్యాలయపు ఫలమే మన కృష్ణాతీరమునకును అందినది.

1853 లో చెల్లెలిని వెంటబెట్టుకొని, తండ్రి యిచ్చిన కొలది ధనముతో, మేరీ యోడనెక్కి మే 22 వ తేదీన న్యూయార్కు చేరెను. వైద్యవిద్యకు స్త్రీలను గౌరవించు దేశమని యెంచి వచ్చిన యామెకు తొలివారములోనే భ్రమ తీఱెను. ఆ నగరమున స్త్రీవైద్యురాలను మాట యప్పుడు రహస్యముగా గర్భస్రావములు చేయించువారికి వాడుక పేరై, మర్యాదగల యిండ్లలో నుచ్చరింపరానిదై యుండెను. తన కుటుంబమునకు పరిచితుడైన యొక వైద్యుడు సయితము నీకు నర్సుపని యిప్పింతునని చెప్పెను. బెర్లినులో మగవారికి పాఠములు చెప్పిన యామె అందుల కొప్పుకొనలేదు. ఇంగ్లీషు భాష రాదు. చేతిలోని ధనము కరగిపోవుచుండెను. మఱికొందఱు తోబుట్టువులు కూడ వచ్చి చేరిరి.

అప్పుడామె చేసిన పని మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. వైద్యమును ఒక ప్రక్కనుంచి, ఉన్నినూలుతో కుచ్చులు, అల్లికసామానులు చేయించి దుకాణముల కమ్ము వ్యాపారమారంభించెను. చెల్లెండ్రు తోడుపడిరి; ఇరుగుపొరుగు బీదబాలికలకును పని దొరకెను. సరకు గంపలో పెట్టుకొని ఆమె స్వయముగా అంగడి అంగడికి తిరిగెను. న్యూయార్కులోని కూలిస్త్రీలు ఎంత కూలికి ఎన్నిగంటలు పనిచేయుదురో, ఏమి తిందురో, ఎట్టి గదులలో పరుందురో, ఏ రోగములచే క్షీణింతురో, ఈ సంవత్సరములో నామె నేర్చినది ఏ కళాశాలయు నేర్పజాలినది కాదు. పండితులు కొందఱు చేతిపనిని తక్కువగా జూతురు. మేమును సంస్కృతము చదివినవారమే. మా పితామహులును అట్లే చూచిరి. అది పొరపాటని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

1854 మే నెలలో మేరీ ఎలిజబెత్ బ్లాక్‌వెల్ అను వైద్యురాలిని కలిసికొనెను. ఈమెయు పరదేశమునుండి వచ్చినదే; ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున 1821 లో పుట్టి, బాల్యమున తలిదండ్రులతో అమెరికా చేరి, 1849 లో జెనీవా వైద్యకళాశాలలో పట్టము పొంది, ఆ దేశమున వైద్యపట్టమందిన స్త్రీలలో ప్రథమురాలయ్యెను. నగరములో బీదలు నివసించు వాడలో నొక చిన్నగదిలో ధర్మముగా మందులిచ్చుచుండెను. జర్మను యువతిలోని శక్తిని ఆమె తొలిచూపుననే గుర్తించి, దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఇంగ్లీషు నేర్పి, క్లీవ్‌లాండు నగరములోని వైద్యకళాశాలలో చేరుటకు మార్గము చూపెను. ఆ సంవత్సరపు శరత్కాలముననే మేరీ క్లీవ్‌లాండు చేరెను. మగవిద్యార్థుల గుంపు నడుమ స్త్రీలు నలుగురే. భాష సరిగా రాని యామె రాత్రులు నిఘంటువు ముందుంచుకొని చదివెను. ఆ యూరి వనితలు కొందఱు ఆమెకు ధనసాయము చేసిరి. ఆమె చదువు నడుమనుండగానే, బిడ్డలను చేరవలెనని బెర్లినునుండి బయలుదేఱిన తల్లి సముద్రయానముననే మరణించినదను వార్త వచ్చెను. ఏ తల్లి వెంట నడచి యీ విద్యను చేపట్టెనో, ఆ తల్లి యీ పట్టమును జూడ నోచుకొనలేదు. 1856 మార్చిలో మేరీ వైద్యపట్టము నందెను.

ఇక చదువున్నది, పట్టమున్నది. చోటో? న్యూయార్కునకు మరలివచ్చి వైద్యము చేయుటకు అద్దెగది వెదకగా, స్త్రీవైద్యురాలి పేరుపలక తమ గోడకు వ్రేలాడదీయనిచ్చు గృహస్థుడు నగరమున దొరకలేదు. తుదకు బ్లాక్‌వెల్ తన యింటి వెనుకగదిని ఇచ్చెను. పెద్ద యాసుపత్రులు స్త్రీలను లోనికి రానీయవు. ఆసుపత్రిలో రోగుల ప్రక్కన నిలిచి నేర్వనిదే చదివిన శాస్త్రము చేతికి రాదు. కావున తమకొక యాసుపత్రి యుండితీరవలెనని వారిరువురును, ఎలిజబెత్ చెల్లెలు ఎమిలీ బ్లాక్‌వెల్‌యు నిశ్చయించిరి. చందాలు వసూలు చేయుటకు మేరీ బోస్టను, ఫిలడెల్ఫియా తిరిగెను. చందాల పుస్తకము చంకబెట్టుకొని గుమ్మము గుమ్మమునకు తిరుగుటలోని కష్టము ఈ సంచిక చదువువారిలో పెక్కురకు స్వానుభవమే గనుక వర్ణింపము. 1857 మే 12 వ తేదీన బ్లీకరు వీధిలో నొక యద్దెయింట, స్త్రీలకును శిశువులకును న్యూయార్కు ఆసుపత్రి తెఱవబడెను. ఆ దేశమున స్త్రీలే నడపు ఆసుపత్రులకు ఇది మొదటిది.

మేరీ రెండేండ్లు అచట జీతము లేక స్థిరవాస వైద్యురాలిగా నుండెను. తెల్లవాఱకమున్నే లేచి హోలుసేలు బజారునకు బోయి కాయగూరలు, మాంసము చౌకలో కొనితెచ్చుట, వంట పనివారిని కనిపెట్టుట, రోగులను జూచుట, విద్యార్థినులకు నేర్పుట, రాత్రులు పురుళ్లకు పోవుట, లెక్కలు వ్రాయుట, అన్నియు నామెయే. ఒకనాడు ప్రసవించిన స్త్రీ యొకతె మరణించగా, బంధువులు గుంపుగూడి గునపములు, పారలు పట్టుకొని వచ్చి, ఆడువారు మనుష్యులను చంపుచున్నారని కేకలు వేయుచు గుమ్మము ముట్టడించిరి. ఇంతలో ఆ దారిని బోవు ఐరిష్ కూలివాడొకడు, లోగడ తన భార్యకు ఆ యాసుపత్రిలో ప్రాణము నిలిచియుండుటచే, అడ్డమునకు వచ్చి, ఎంతటి వైద్యునికైనను అందఱిని బ్రదికించుట సాధ్యము కాదని వారికి నచ్చజెప్పి మరలించెను. స్థానబలము లేని యా స్త్రీలకు ఆనాడు అడ్డునిలిచినది ఒక కూలివాని కృతజ్ఞతయే.

1859 లో బోస్టను నగరమునుండి పిలుపు వచ్చెను. అచట స్త్రీల వైద్యకళాశాల యొకటి 1848 నుండియే కలదు. ప్రసూతిశాస్త్రాచార్యపదవి మేరీ కిచ్చిరి. ఇందు నడచిన వివాదము ఆమె జీవితమునకు కీలకము గనుక కొంచెము నిలిచి చెప్పెదము. ఆ కళాశాలను స్థాపించిన సామ్యూల్ గ్రెగరీ వైద్యుడు కాడు. మగవాడు స్త్రీకి పురుడు పోయుట లజ్జాకరమని యెంచి, ఆ పనికి స్త్రీలను తయారుచేయుట కాతడు కళాశాల పెట్టెను. ఉద్దేశము చెడ్డది కాదు. కాని లజ్జను కాపాడుటకు ఎంత విద్య వలయునో అంతతో నాతడు తృప్తుడు. సూక్ష్మదర్శిని కావలెను, జ్వరము కొలుచు ఉష్ణమాపకము కావలెను, విద్యార్థినులు రోగుల ప్రక్కన నిలిచి నేర్వవలెనని మేరీ యడుగగా, ఇవన్నియు ఐరోపావారి క్రొత్త వెఱ్ఱులని త్రోసివేసెను. పట్టము పొందిన స్త్రీలకు డాక్టరను పేరు కాక దానికి స్త్రీలింగరూపమొకటి కల్పించి తగిలింపవలెనని యాతని యభిలాష. వ్యాకరణము చదివిన మాకు స్త్రీప్రత్యయములపై ద్వేషము లేదు. కాని ప్రత్యయముతోపాటు విద్యయందును తగ్గింపు వచ్చుచున్నదని మేరీ గ్రహించెను. అరకొఱగా చదివిన స్త్రీ నొకతెను డాక్టరని లోకములోనికి పంపుట తరువాత రాబోవు నూర్గురు స్త్రీలకు తలుపు మూయుటయే యని యామె మతము. శాస్త్రమునకు స్త్రీపురుష భేదము లేదనియు, స్త్రీలు సహజముగా దయావతులు గనుక వైద్యమునకు తగుదురను వాదము తమకే కీడనియు ఆమె నమ్మెను. ఈ విషయమున తన కుపకారిణియైన బ్లాక్‌వెల్‌తో సయితము ఆమెకు భేదాభిప్రాయము కలదు. మూడేండ్లు పెనగులాడి 1862 లో ఆమె రాజీనామా ఇచ్చెను.

ఆ దేశమున నప్పుడు దాస్యవిమోచన యుద్ధము ప్రజ్వరిల్లుచుండెను. ధనికుల ధనమంతయు సైన్యమునకును క్షతగాత్రులకును పోవుచుండెను. అట్టి కాలమున ముప్పదిమూడేండ్లు నిండని పరదేశపు స్త్రీ, ఉద్యోగము లేనిది, ఆసుపత్రి పెట్టుదునని బయలుదేఱుట సాహసమే. ఐనను ఎడ్నా చేనీ, లూసీ గొడార్డు మొదలగు బోస్టను వనితలును, దాస్యనిర్మూలనవాదియగు సామ్యూల్ సీవల్ అను న్యాయవాదియు ఆమె పక్షమున నిలిచిరి. 1862 జూలై 1 వ తేదీన ప్లెజెంటు వీధిలో నద్దెకు తీసికొన్న యింట పది మంచములతో స్త్రీలకును శిశువులకును న్యూ ఇంగ్లండు ఆసుపత్రి ప్రారంభమయ్యెను. స్త్రీరోగులకు స్త్రీవైద్యుల సాయము దొరకుట, చదివిన స్త్రీలు రోగులయొద్ద నభ్యాసము చేయుటకు తావు దొరకుట, నర్సులను శిక్షించుట, ఈ మూడే దాని యుద్దేశములు. వైద్యము చేయువారందఱు స్త్రీలు. అవసరమైనపుడు సలహా నిచ్చుటకు మాత్రము హెన్రీ బౌడిచ్ వంటి ప్రసిద్ధ పురుషవైద్యులను ఆమె యేర్పఱచుకొనెను.

ఆసుపత్రికి జేరిన ధర్మవైద్యశాలకు వచ్చువారు కూలిస్త్రీలు, దాసీలు, ఐర్లండునుండియు ఇతర దేశములనుండియు క్రొత్తగా ఓడ దిగినవారు. లేవలేని వారిని చూచుటకు చిన్నవైద్యురాండ్రు మెట్లెక్కి వారి గదులకే పోవలసియుండెను. మందుతో బాటు రోగి యింటిస్థితియు విచారింపవలెనను పట్టు మేరీకి న్యూయార్కు నుండియే కలదు. పెండ్లికాని తల్లులను సయితము ఆసుపత్రిలోనికి చేర్చుకొనిరి. దాతలలో నిది కొందఱకు నచ్చి యుండదని మనము తెలిసికొనవచ్చును. వైద్యుని గుమ్మమున న్యాయస్థానము పెట్టరాదని యామె వర్తనమే చెప్పుచున్నది.

కార్యము పెరిగి 1872 లో ఆసుపత్రి నగరపు అంచుననున్న రాక్స్‌బరీలో విశాలమైన స్థలమునకు మారెను. ప్రసూతిజ్వర మొకరినుండి యొకరికి పాకునను భయముచే బాలింతల కొఱకు వేఱుగా నొక చిన్న కట్టడము నిర్మించిరి. ఆ సంవత్సరముననే సూసన్ డిమాక్ అను యువతి స్థిరవాస వైద్యురాలిగా వచ్చెను. ఈమె ఉత్తర కరోలైనాలో పుట్టి, ఈ యాసుపత్రిలోనే తొలిపాఠములు నేర్చి, స్విట్జర్లాండులోని జ్యూరిక్ విశ్వవిద్యాలయమున పట్టము పొందిన శస్త్రవైద్యురాలు. మేరీ యెన్నడో తలపెట్టిన నర్సుల శిక్షణకు క్రమమైన పాఠశాలారూపము నిచ్చినది ఈమెయే. మొట్టమొదట చేరిన లిండా రిచర్డ్స్ 1873 లో పట్టము పొంది, అమెరికాలో శిక్షణపొందిన తొలి నర్సుగా ప్రసిద్ధి కెక్కెను. ఐదుగురు విద్యార్థినులు, పాఠ్యపుస్తకములు లేవు. మందుసీసాలపై పేర్లకు బదులు అంకెలుండెడివి, ఏ మందో నర్సులకు తెలియరాదని. తమకు శాస్త్రము దక్కనీయని మగవారితో పోరాడిన స్త్రీలే నర్సులకు మందు పేరు చెప్పకుండుట ఎంత చిత్రము! ఈ దోషమును మఱుగుపఱచుట చరిత్రకారునకు ధర్మము కాదు.

ఆ యాసుపత్రిలో వంట, చాకిరేవు, తుడుపు పనులు చేసి జీవించిన మేరీ మహోనీ యను నీగ్రోజాతి వనిత 1878 లో నర్సుల పాఠశాలలో చేరి, పదునాఱు నెలల కఠినశిక్షణ ముగించి, 1879 లో పట్టము పొందెను. తోడ చేరిన వారిలో అధికులు నడుమనే విడిచిపోయిరి. ఆమె జాతిలో పట్టము పొందిన నర్సులలో నీమెయే ప్రథమురాలు. దాస్యనిర్మూలనవాదుల చందాలతో నిలిచిన యాసుపత్రిలో నిది జరుగుట యుచితమే. కాని వంటయింటినుండి రోగి మంచమువఱకు నడచుటకు ఆమెకు పదిపదునైదేండ్లు పట్టినదని కూడ చదువరులు గమనింతురు గాక.

సూసన్ డిమాక్ విశ్రాంతికై ఐరోపాకు బోవుచు, 1875 మే నెలలో షిల్లరు అను ఓడ ఇంగ్లండు తీరమున సిల్లీ దీవులయొద్ద బండలకు తగిలి మునుగగా, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున జలసమాధి నొందెను. మేరీకి ఓడ దెచ్చిన దుఃఖములలో నిది రెండవది. డిమాక్ పేరు ఆ యాసుపత్రి వీధికి పెట్టిరి. ఆ పేరు ముందు మరల వచ్చును.

మేరీ శిష్యురాండ్రలో తొలివరుసలోనిది సామ్యూల్ సీవల్ కుమార్తె లూసీ. ఆమె స్థిరవాస వైద్యురాలై యుండగా 1865 లో సోఫియా జెక్స్-బ్లేక్ అను ఆంగ్లవనిత ఆసుపత్రిని చూడవచ్చి, అచటి పనిని గాంచి, తానును వైద్యమునే చేపట్టవలెనని నిశ్చయించుకొనెను. ఆమె తరువాత 1874 లో లండనులో స్త్రీల వైద్యపాఠశాలను స్థాపింపగా, మన దేశపు రుఖ్మాబాయి అందే చదివి 1894 లో వైద్యురాలై వచ్చెను. ఒకచోట వెలిగించిన దీపమునుండి ఎన్ని దీపములు వెలుగునో లెక్కించుట కష్టము.

శిష్యురాండ్రతో మేరీ మిక్కిలి కఠినురాలు. పొగడ్త యరుదు, తప్పునకు క్షమ యరుదు. చిన్నవైద్యురాండ్రలో కొందఱకు కోపము వచ్చినమాటయు నిజమే. స్వయముగా బెత్తము పట్టిన మేము దీనిని సమర్థింపనుగూడదు, ఖండింపనుగూడదు. తాను అనుభవించిన కష్టమును శిష్యులకు కొలబద్దగా పెట్టుట పెద్దలలో తఱచు గానవచ్చు బలహీనత. కాని స్త్రీవైద్యురాలి తప్పొకటి పత్రికల కెక్కినచో స్త్రీలందఱి తప్పుగా నెంచబడు కాలమది.

1881 ప్రాంతమున మేరీయు మఱికొందఱు వైద్యురాండ్రును కలిసి, స్త్రీలను చేర్చుకొన్నచో ఏబదివేల డాలరులు సమకూర్చి యిత్తుమని హార్వర్డు వైద్యకళాశాల వారికి తెలిపిరి. ఏబదివేలు ఆ దినములలో సామాన్యధనము కాదు. హార్వర్డువారు యోచించి యోచించి వలదనిరి. ఆ కళాశాలలో స్త్రీలు ప్రవేశించినది 1945 లో. నడుమ గడచినవి అఱువది నాలుగేండ్లు. అంతకాలమును మేరీ నెలకొల్పిన యాసుపత్రి వంటి చోట్లే చదివిన స్త్రీలకు గతి.

ఆమె వివాహమాడలేదు. రాక్స్‌బరీలోని యింట జూలియా స్ప్రేగ్ అను స్నేహితురాలును, జర్మనీనుండి దేశభ్రష్టుడై వచ్చిన కార్ల్ హైన్‌త్సెన్ అను రాజకీయ రచయితయు, ఆతని కుటుంబమును ఆమెతో నివసించిరి. దాస్యమునకును మతాధికారమునకును విరోధియగు ఆ రచయిత 1880 లో మరణించువఱకు ఆ యిల్లు వాదములతో మ్రోగుచుండెనట. మేరీయు ఏ మతవిశ్వాసమునకును కట్టుబడినది కాదు. 1887 లో ఆసుపత్రి నిత్యవైద్యభారమునుండి తొలగి, 1899 వఱకు సలహాలు మాత్ర మిచ్చుచుండెను.

1902 మే 12 వ తేదీన ఆమె పరలోకగతురాలయ్యెను. న్యూయార్కు ఆసుపత్రి ద్వారములు తెఱచిన దినమును అదియే, నలువదియైదేండ్ల వెనుక. తన యంత్యక్రియలయందు మతగురువు ప్రసంగము వలదని ముందే చెప్పి, తన చివరిమాటలు తానే వ్రాసియుంచగా, వానిని మిత్రులు చదివి వినిపించిరి.

ఆసుపత్రి ఆమెతో పోలేదు. కాలక్రమమున ఇతర వైద్యశాలలు స్త్రీలకు తలుపులు తెఱచుటచే, స్త్రీలచే స్త్రీలకను నియమమునకు నవసరము తగ్గెను; ధనమును తగ్గెను. రాక్స్‌బరీలోని జనము మారిరి. ఐరిష్, జర్మను, యూదుల కుటుంబములు నివసించిన వీధులలో దక్షిణరాష్ట్రములనుండియు ద్వీపములనుండియు వచ్చిన నల్లజాతీయులు నివసింపసాగిరి. మూసివేయుటయా, మార్చుటయా యను ప్రశ్న వచ్చినపుడు మార్చుటయే జరిగెను. 1969 లో అది డిమాక్ సామాజిక ఆరోగ్యకేంద్రమను పేర, ఆ వాడలోని బీదసాదలకు, పురుషులకును స్త్రీలకును, వైద్యమందించు సంస్థగా పునర్జన్మ నొందెను. 1991 లో ఆ కట్టడముల సముదాయమును జాతీయ చారిత్రకస్థలముగా ప్రకటించిరి. నేటికిని అచట బిడ్డల నెత్తుకొని తల్లులు వచ్చుచున్నారు. 1873 నాటి ప్రధానభవనమునకు జక్షెఫ్‌స్కా భవనమని పేరు.